నెట్ తీగలో బొమ్మ, మాట: హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్లపై మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ దాదాపు ఒకదాని చుట్టూనే తిరిగాయి. కెమెరానో, సెట్‌టాప్ బాక్సో, కంప్యూటరో ఒక చోట, తెర ఇంకో చోట, మధ్యలో పదుల మీటర్ల దూరం. ఆ దూరం బొమ్మని, ధ్వనిని నెట్ తీగ మీద పంపే పెట్టెల జతే హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్: ఇటు పంపే పెట్టె, అటు అందుకునే పెట్టె. ఏ పెట్టె కొనాలని అందరూ అడిగారు, ఏ తీగ లాగాలని అడిగినవారు ఒక్కరే. చిక్కులు మాత్రం పెట్టెల్లో కన్నా తీగలో, దాని చివర బిగించిన జాక్‌లోనే ఎక్కువ. అందుకే జవాబుల్లోనూ వాటికే ఎక్కువ చోటిచ్చాం.

మాది చిన్న కల్యాణ మండపం. వేదిక పక్కన వీడియో మిక్సర్ ఉంటుంది. అక్కణ్నుంచి 55 మీటర్ల దూరంలో భోజనాల హాల్లో ఉన్న పెద్ద టీవీకి బొమ్మ పంపాలి. 20 మీటర్ల హెచ్‌డీఎంఐ కేబుల్ తెచ్చి చూస్తే దానికే తెరంతా చుక్కలు. నెట్ కేబుల్ మీద పంపే పెట్టెలు షాపులో రెండు రకాలు చూపించారు. ఒకదాని ధర రెండోదానికి ఐదారు రెట్లు. రెండింటి మీదా 'హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెండర్' అనే రాసి ఉంది. ఏది తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

20 మీటర్లకే చుక్కలు రావడంలో వింతేమీ లేదు. సెకనుకు 60 ఫ్రేముల 1080పీ బొమ్మ హెచ్‌డీఎంఐ తీగలో సెకనుకు 4.46 గిగాబిట్ల వేగంతో పరుగెడుతుంది. అదే 60 ఫ్రేముల 4కె అయితే 17.82 గిగాబిట్లు. ఇంత వేగంలో రాగి తీగ ప్రతి మీటరుకూ సిగ్నల్‌ని కొంత మింగేస్తుంది. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 1080పీకి 10, మహా అయితే 15 మీటర్లు, పూర్తి 4కెకి నాలుగైదు మీటర్లు అనుకుంటే నమ్మకంగా ఉంటుంది. అది దాటాక మొదట చుక్కలు, తర్వాత ఆగి ఆగి రావడం, చివరికి నల్ల తెర.

మీకు చూపించిన రెండు పెట్టెలకూ వెనక ఉన్న సాకెట్ ఒకటే, నెట్ జాక్ పట్టే ఆర్‌జే-45. లోపల జరిగే పని మాత్రం వేరు. బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు.

ఒకటి, హెచ్‌డీఎంఐ సిగ్నల్‌నే కాస్త బలం పోసి నెట్ తీగలోకి తోసేవి. చవక. పెట్టె మీద 50, 60 మీటర్లని రాస్తారు. మంచి తీగ మీద 1080పీకి 30 మీటర్ల వరకు వీటిని నమ్మవచ్చు, ఆ పైన అదృష్టం. ఒక తీగ బదులు రెండు తీగలు అడిగే పాత రకం కూడా ఈ కోవలోదే. దాని జోలికి వెళ్లకండి.

రెండోది హెచ్‌డీబేస్‌టీ. ఎల్‌జీ, శాంసంగ్, సోనీ పిక్చర్స్, వాలెన్స్ కలిసి 2010లో ఏర్పాటు చేసిన కూటమి తెచ్చిన పద్ధతి ఇది. బొమ్మ, ధ్వని, రిమోట్ సంకేతాలు, అవసరమైతే కరెంటు కూడా ఒకే తీగలో 100 మీటర్లు తీసుకెళ్తుంది. ఆలస్యం కంటికి తెలియనంత తక్కువ. షాపువాళ్లు చెప్పని చిన్న మెలిక ఒకటుంది: 'లైట్' రకం కూడా ఇదే పేరుతో అమ్ముతారు. అది 1080పీకి 60, 70 మీటర్లు, 4కెకి 35, 40 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి పెట్టె మీద 4కె దూరం విడిగా ఎంత రాశారో చూడండి.

మూడోది ఐపీ రకం. బొమ్మని హెచ్.264 వంటి పద్ధతిలో కుదించి, మామూలు నెట్‌వర్క్ డేటాలా పంపుతుంది. మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ పెట్టి ఒక పంపే పెట్టెకు నాలుగైదు అందుకునే పెట్టెలు తగిలించుకోవచ్చు. బొమ్మ సెకనులో పదో వంతు నుంచి అర సెకను దాకా ఆలస్యంగా వస్తుంది.

షాపులో ఒక్క ప్రశ్న వేయండి: "దీన్ని స్విచ్ గుండా పంపొచ్చా?" పంపొచ్చంటే ఐపీ రకం. కుదరదు, పెట్టె నుంచి పెట్టెకు నేరుగానే లాగాలి అంటే మొదటి రెండింటిలో ఒకటి.

మీ అవసరానికి ఐపీ రకం చాలు. భోజనాల హాల్లో కూర్చున్నవారికి వేదిక కనపడదు, మంగళసూత్రధారణ పావు సెకను ఆలస్యంగా కనిపిస్తే ఎవరికీ తెలియదు. రేపు చేతులు కడుక్కునే చోటో, కార్ పార్కింగ్ దగ్గరో ఇంకో టీవీ పెట్టాలన్నా ఒక స్విచ్, ఒక పెట్టె కొంటే సరిపోతుంది. వేదిక పక్కనే ఎల్‌ఈడీ వాల్ పెట్టే ఆలోచన ఉంటే మాత్రం దానికి హెచ్‌డీబేస్‌టీయే తీసుకోండి. పంతులుగారి నోరు ముందు కదిలి, తెర మీద తర్వాత కదిలితే చూడటానికి బాగోదు.

నేను ఎలక్ట్రికల్, సీసీటీవీ పనులు చేస్తాను. ఒక హోటల్లో 60 మీటర్ల క్యాట్-6 రకం నెట్ తీగ లాగి హెచ్‌డీబేస్‌టీ పెట్టెలు పెట్టాను. టెస్టర్‌లో 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలుగుతున్నాయి. బొమ్మ మాత్రం పది నిమిషాలుంటుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. అవే పెట్టెలు 2 మీటర్ల ప్యాచ్ కార్డ్ (రెడీమేడ్ పొట్టి నెట్ తీగ) మీద రోజంతా పనిచేస్తున్నాయి. కంపెనీవాళ్లు పెట్టెలు బాగానే ఉన్నాయంటున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

కంపెనీవాళ్లు చెప్పింది నిజమే. 2 మీటర్ల కార్డ్ మీద నిలిచిందంటే తప్పు తీగలోనే. ఆ టెస్టర్‌ని మాత్రం ఇక్కడ నమ్మకండి. ఎనిమిది లైట్ల టెస్టర్ చెప్పేది ఒక్కటే, ఇటు 1వ పిన్ అటు 1వ పిన్‌కు తగిలిందా లేదా అని. ఏ పోగు ఏ పోగుతో మెలిపెట్టి ఉందో దానికి తెలియదు. ఈ క్రమంలో చూసుకోండి.

ముందు జాక్‌ని వెలుతురులో పట్టుకుని రంగులు చదవండి. గోల్డ్ పిన్నులు మీవైపు, తీగ కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి ఇలా ఉండాలి: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. ఇదే టీ-568బీ. చాలామంది చేసే పొరపాటు నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని వరసగా సర్దేయడం. రెండు చివరలా ఒకేలా సర్దారు కాబట్టి టెస్టర్ ఎనిమిది లైట్లూ చూపిస్తుంది. కానీ 3, 6 పిన్నులు ఒకే జత కావాలి. ఇలా సర్దితే 3లో తెల్ల-ఆకుపచ్చ, 6లో నీలం పడతాయి. ఒక సిగ్నల్‌లో సగం ఆకుపచ్చ జతలో, సగం నీలం జతలో ప్రయాణిస్తుంది. మెలిక వల్ల రావాల్సిన రక్షణ పోయి రెండు జతలూ ఒకదాని మాట ఒకటి వింటాయి. 2 మీటర్లలో ఇది బయటపడదు, 60 మీటర్లలో బయటపడుతుంది. మీ కేసులో మా మొదటి అనుమానం దీనిమీదే.

రంగులు సరిగానే ఉంటే జాక్ లోపల మెలిక ఎంత విప్పారో చూడండి. 13 మిల్లీమీటర్లు మించకూడదు, అంటే చిటికెన వేలి గోరంత. తేలిగ్గా సర్దుకోవడానికి రెండంగుళాలు విప్పి, తర్వాత పై తొడుగుని జాక్ బయటే వదిలేస్తుంటారు. తొడుగు జాక్ లోపలికి వెళ్లి, వెనక ఉన్న ప్లాస్టిక్ నొక్కు దాని మీద పడాలి. క్యాట్-6 పోగు క్యాట్-5ఈ పోగు కన్నా లావు. క్యాట్-5ఈ జాక్‌లో దాన్ని బలవంతాన దూరిస్తే ఒకటి రెండు పోగులు చివరిదాకా వెళ్లవు. జాక్ ముందు వైపు నుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలూ కనపడాలి.

ఇక తీగ అసలుదా కాదా అన్నది. క్యాట్-6 పేరుతో వచ్చే చవక బాక్సుల్లో చాలావాటిలో అల్యూమినియం పోగుకి పైన రాగి పూత ఉంటుంది. ఒక పోగు కత్తిరించి, కోసిన ముఖాన్ని చూడండి, లేదా బ్లేడుతో గీకండి. లోపల వెండి రంగు కనపడితే అది రాగి తీగ కాదు. 305 మీటర్ల బాక్సు ఎత్తినప్పుడే తేలిగ్గా అనిపిస్తుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే మల్టీమీటర్ చాలు. ఒక చివర నీలం, తెల్ల-నీలం పోగులు రెండూ కలిపి మెలిపెట్టండి. రెండో చివర ఆ రెండింటి మధ్య ఓమ్స్ కొలవండి. మీటర్ వైర్లని ఒకదానికొకటి తగిలిస్తే వచ్చే అంకెని అందులోంచి తీసేయండి. మీ 60 మీటర్లకు, రానూపోనూ 120 మీటర్లు, 23 గేజి రాగి అయితే 8 ఓమ్స్, 24 గేజి అయితే 10 ఓమ్స్ చుట్టుపక్కల రావాలి. 12, 15 వచ్చిందంటే అది పూత తీగ, లేదా మధ్యలో ఎక్కడో జాయింటు వదులైంది. నాలుగు జతలూ కొలవండి. మూడు 8 చూపించి ఒకటి 11 చూపిస్తే ఆ జత జాక్‌ని కోసి మళ్లీ వేయాలి.

పూత తీగతో ఇంకో ఇబ్బంది కరెంటు. అందుకునే పెట్టెకు అడాప్టర్ లేకుండా తీగలోంచే కరెంటు పంపే రకమైతే, ఒకటిన్నర రెట్లు పెరిగిన నిరోధం వల్ల అటు చివర వోల్టేజీ పడిపోతుంది. పెట్టె వేడెక్కిన కొద్దీ కరెంటు ఎక్కువ లాగి, పది నిమిషాలకు రీస్టార్ట్ అవుతుంది. మీరు చెప్పిన 'పది నిమిషాలుంటుంది, పోతుంది' అన్న తీరు దీనికీ సరిపోతుంది. వీలుంటే అటు చివర విడిగా అడాప్టర్ పెట్టి గంట చూడండి. అప్పుడు నిలబడితే కారణం తెలిసిపోయినట్టే.

మిగిలిన తీగని ఏం చేశారో కూడా చూసుకోండి. 80 మీటర్లు లాగి, మిగిలిన 20 మీటర్లని గుండ్రంగా చుట్టి ఫాల్స్ సీలింగ్‌లో పెట్టి ఉంటే దాన్ని కోసేయండి. చుట్టలోని వరసలు ఒకదానికొకటి ఆనుకుని సిగ్నల్ కలిసిపోతుంది. కరెంటు తీగల పైపులోనే దీన్నీ లాగి ఉంటే అదీ తప్పే. కనీసం 30 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, అడ్డం దాటాల్సి వస్తే నిలువుగా, ప్లస్ గుర్తులా దాటాలి. హోటల్ కాబట్టి లిఫ్ట్ మోటారు, ఏసీ లైన్లు ఎటు వెళ్లాయో ఒకసారి పైకెక్కి చూడటం మంచిది. బొమ్మ పోయే సమయానికి లిఫ్ట్ కదులుతోందేమో గమనించండి.

ల్యాప్‌టాప్ పెట్టి చూస్తే గిగాబిట్ స్పీడ్ వస్తోంది కదా అని కొందరు అంటారు. గిగాబిట్ నెట్ ఒక్కో జతలో సెకనుకు 12.5 కోట్ల సంకేతాలు పంపుతుంది. హెచ్‌డీబేస్‌టీ పంపేది 50 కోట్లు, పైగా ఒక్కో సంకేతానికి 16 మెట్లు. గిగాబిట్ రాకపోతే తీగ చెడిందని కచ్చితంగా చెప్పొచ్చు, వచ్చింది కాబట్టి తీగ మంచిదని మాత్రం చెప్పలేం.

మా పాఠశాలలో ప్రతి తరగతికీ నెట్ పాయింటు ఉంది. అన్నీ ఒక స్విచ్‌లో కలుస్తాయి. హెచ్‌డీబేస్‌టీ పెట్టెల్ని ఆ పాయింట్లకే తగిలిస్తే సరిపోతుందా?
– ఒక ఉపాధ్యాయిని, విజయనగరం

సరిపోదు. తగిలించవద్దు కూడా. హెచ్‌డీబేస్‌టీ ఆ తీగని వాడుకుంటుందే తప్ప నెట్ భాష మాట్లాడదు, స్విచ్‌కి దాని మాట అర్థం కాదు. తీగలో కరెంటు పంపే రకమైతే అది ల్యాప్‌టాప్ పోర్టునో స్విచ్ పోర్టునో కాల్చే ప్రమాదమూ ఉంది. కెమెరాల కోసం పెట్టిన, నెట్ తీగలోనే కరెంటు పంపే పీఓఈ స్విచ్‌లకూ ఈ పెట్టెలకూ వాడే కరెంటు పద్ధతి చాలాసార్లు వేరు, పొరపాటున కలపవద్దు. స్విచ్ గదిలో ఆ రెండు తరగతుల తీగల్నీ స్విచ్ నుంచి పీకి, చిన్న జాయినర్‌తో ఒకదానికొకటి నేరుగా కలిపితే పనిచేయొచ్చు. అలా చేస్తే రెండు తీగల పొడవు కూడి లెక్క వేసుకోండి. ఆ తీగ చివరలకు 'నెట్ కాదు' అని చీటీ అంటించండి. లేకపోతే ఏదో ఒక రోజు ఎవరో కంప్యూటర్ గుచ్చుతారు.

అన్ని తరగతుల్లోనూ ఒకేసారి బొమ్మ రావాలంటే ఐపీ రకం తీసుకోవాలి. కానీ ఉన్న స్విచ్‌లోనే కలిపేస్తే మరో తలనొప్పి. ఈ పెట్టెలు మల్టీకాస్ట్ పద్ధతిలో, అంటే ఒకే డేటాని చాలా పెట్టెలకు ఒకేసారి పంపుతాయి. మామూలు స్విచ్ దాన్ని ప్రతి పోర్టుకూ, వైఫై పెట్టెకు కూడా, గుడ్డిగా పంచేస్తుంది. వీడియో మొదలైన నిమిషానికల్లా స్కూల్లో వైఫై కుప్పకూలుతుంది. ఐజీఎంపీ స్నూపింగ్ (వీడియోని అడిగిన పోర్టులకే పంపే సదుపాయం) ఉన్న మేనేజ్డ్ స్విచ్ కొని, అందులో ఆ సదుపాయంతో పాటు క్వెరియర్‌ని (వీడియో ఇంకా ఎవరికి కావాలో అప్పుడప్పుడూ అడిగేది) కూడా ఆన్ చేయాలి. క్వెరియర్ మరచిపోతే కొన్ని నిమిషాలు బాగా వచ్చి తర్వాత బొమ్మ ఆగిపోతుంది. అంత బాధ వద్దనుకుంటే వీడియోకి విడిగా ఒక చవక స్విచ్ పెట్టి, దాన్ని స్కూలు నెట్‌కి కలపకుండా వదిలేయండి. మీకు మేము చెప్పేది ఈ రెండో దారే.

కింద హాల్లో ఉన్న 4కె స్ట్రీమింగ్ పెట్టె నుంచి పై గదిలోని 4కె టీవీకి ఎక్స్‌టెండర్ పెట్టాం. కేబుల్ టీవీ బాక్స్ బాగా వస్తోంది. స్ట్రీమింగ్ పెట్టెకి మార్చగానే నల్ల తెర, లేదా 1080పీ మాత్రమే. యాప్ మెనూ వస్తుంది కానీ సినిమా మొదలు పెట్టగానే పోతుంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

మెనూ వచ్చి సినిమా పోతోందంటే తీగని అనుమానించనక్కర్లేదు. ఇది తాళం గొడవ. సినిమాకి హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ ఉంటుంది. 4కెకి దాని 2.2 రకం కావాలి. మీ ఎక్స్‌టెండర్ 1.4 వరకే అయితే స్ట్రీమింగ్ పెట్టె '4కె ఇవ్వను' అని 1080పీకి దిగుతుంది, లేదా అసలే ఇవ్వదు. దీనికి సెట్టింగుల్లో మందు లేదు. హెచ్‌డీసీపీ 2.2 అని పెట్టె మీద రాసి ఉన్నది తీసుకోవాల్సిందే.

అది రాసే ఉంటే అప్పుడు ఈడీఐడీ వైపు చూడండి. ప్రతి టీవీ తాను ఏమేం చూపించగలదో 128 బైట్ల ముక్కల్లో రాసి పెట్టుకుంటుంది, పంపే పెట్టె దాన్ని చదివి బొమ్మ తయారు చేస్తుంది. మధ్యలో ఉన్న ఎక్స్‌టెండర్ ఆ చీటీని సరిగ్గా అందించకపోయినా, కింద హాల్లో ఉన్న పాత టీవీ చీటీని చూపించినా బొమ్మ ఆ మేరకే వస్తుంది. పంపే పెట్టె పక్కన చిన్న మీట గానీ, ఈడీఐడీ అని రాసిన బటన్ గానీ ఉంటుంది. పై టీవీ ఆన్‌లో ఉండగా దాన్ని నొక్కి పై టీవీ చీటీని నేర్పించండి. తర్వాత అన్నీ ఆపి, ఈ వరసలో ఆన్ చేయండి: టీవీ, అందుకునే పెట్టె, పంపే పెట్టె, చివరగా స్ట్రీమింగ్ పెట్టె. వరస తిరగబడితే చీటీ చదవకముందే బొమ్మ బయల్దేరుతుంది.

ఇంకో సూక్ష్మం ఉంది. పాత తరం హెచ్‌డీబేస్‌టీ దారి వెడల్పు 10.2 గిగాబిట్లు. 60 ఫ్రేముల 4కెని 4:2:0 రంగులతో, అంటే రంగుల వివరం తగ్గించి, 8 బిట్లలో పంపితే 8.91 గిగాబిట్లు, దూరిపోతుంది. దానికే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాని ఎక్కువగా చూపే పద్ధతి) కోసం 10 బిట్లు పెడితే 11.14, దూరదు. హెచ్‌డీఆర్ పెట్టగానే నల్ల తెర వచ్చేది ఇందుకే. స్ట్రీమింగ్ పెట్టె సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటుని సినిమాకి తగ్గట్టు మార్చే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. 24 ఫ్రేముల సినిమా హెచ్‌డీఆర్‌తో కూడా 8.91లోనే సర్దుకుంటుంది.

సెట్‌టాప్ బాక్స్ రిమోట్ పై గదిలో పనిచేయడం లేదు. పెట్టెతో పాటు రెండు సన్నటి నల్ల వైర్లు ఇచ్చారు.
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

రెండు వైర్లూ తారుమారై ఉంటాయి. చివర చిన్న నల్లటి కన్ను ఉండి, రెండో కొసన మూడు భాగాల (రెండు నల్ల గీతల) జాక్ ఉన్నది వినేది. అది టీవీ దగ్గర పెట్టెకి తగిలించాలి. చివర పారదర్శకంగా, అంటించడానికి జిగురుతో ఉన్నది పలికేది. అది కింద సెట్‌టాప్ బాక్స్ ముఖానికి అంటించాలి. టార్చి వేసి చూస్తే బాక్స్ ముందు నల్ల ప్లాస్టిక్ వెనక సెన్సర్ గుండ్రంగా కనపడుతుంది, సరిగ్గా దానిమీదే అంటించండి. పైన ఎవరైనా రిమోట్ నొక్కుతుండగా కింద ఫోన్ సెల్ఫీ కెమెరాలో ఆ పలికే వైరుని చూడండి. లేత ఊదా మెరుపు కనపడితే సంకేతం వస్తోంది, అంటించిన చోటే తప్పు. మీ బాక్స్ బ్లూటూత్ రిమోట్‌తో వచ్చిందైతే ఈ వైర్లు పనికిరావు.

మా చర్చిలో కెమెరా బొమ్మ వెనక వైపు టీవీలకు ఎక్స్‌టెండర్ మీద వెళ్తోంది. పాటలు కంప్యూటర్ నుంచి అదే దారిలో వచ్చి, వెనక పెట్టె ఆడియో పిన్ నుంచి అక్కడి ఆంప్లిఫయర్‌కి వెళ్తాయి. స్పీకర్లలో 'గుయ్' మని ఆగకుండా శబ్దం. కొన్ని పాటలకు అసలు ధ్వనే ఉండదు. పైగా పాస్టర్‌గారి మాట ముందు, పెదవులు తర్వాత.
– ఒక పాఠకుడు, నరసాపురం

మూడూ వేర్వేరు జబ్బులు.

గుయ్ శబ్దం ఎర్తింగ్ వల్ల. కంప్యూటర్ ఒక బోర్డు నుంచి, ఆంప్లిఫయర్ 40 మీటర్ల అవతల ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటున్నాయి. రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న కొద్దిపాటి తేడా ఆడియో తీగ కవచం గుండా పారుతూ 50 హెర్ట్జ్ రొదలా వినపడుతుంది. పరీక్ష సులువు: ఛార్జర్ పీకిన ల్యాప్‌టాప్‌తో పాట వేయండి. రొద ఆగితే ఇదే కారణం. ఆగకపోతే ఆడియో వైరుని కాసేపు ఎక్స్‌టెండర్ నుంచి పీకి చూడండి, అప్పుడూ ఉంటే ఆంప్లిఫయర్ వైపే వెతకాలి. మందు ఏమిటంటే వెనక పెట్టెకూ ఆంప్లిఫయర్‌కూ మధ్య 1:1 ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అడిగితే చిన్న డబ్బాలా ఇస్తారు. మిక్సర్‌కి వెళ్తుంటే డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) ఇంకా మంచిది. ప్లగ్గులో ఎర్త్ పిన్ విరగ్గొట్టి రొద ఆపేవాళ్లు ఉన్నారు. రొద ఆగుతుంది కూడా. ఆ తర్వాత ఏదైనా లీకేజీ వస్తే మైకు పట్టుకున్న మనిషి ప్రాణానికే ముప్పు.

కొన్ని పాటలకు ధ్వని లేకపోవడానికి కారణం డాల్బీ. టీవీ 'నాకు డాల్బీ వచ్చు' అని ఈడీఐడీలో చెబుతుంది, కంప్యూటర్ డాల్బీలో పంపుతుంది. టీవీ పలుకుతుంది కానీ పెట్టె ఆడియో పిన్‌కి దాన్ని విప్పడం రాదు. పెట్టె మీట 1080పీ, స్టీరియో అన్న చోట పెట్టండి, లేదా కంప్యూటర్ సౌండ్ సెట్టింగులో స్టీరియో పీసీఎం (కుదించని మామూలు ధ్వని) ఎంచుకోండి.

పెదవుల సంగతిలో ఎక్స్‌టెండర్ ఏ రకమో మీరు రాయలేదు. ఐపీ రకమైతే దాన్ని మార్చకుండా పని జరగదు. హెచ్‌డీబేస్‌టీ అయితే ఆలస్యం కెమెరాలో, మిక్సర్‌లో, టీవీలో పోగవుతోంది. 50 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము 20 మిల్లీసెకన్లు, 25 ఫ్రేముల్లో 40. ఒక్కో యంత్రం ఒకటి రెండు ఫ్రేములు తినేస్తుంది. కెమెరాని 1080పీ50లో పెట్టండి, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. సగం జబ్బు అక్కడే తగ్గుతుంది. ధ్వని 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 మిల్లీసెకన్లు వెనకబడినా చూసేవారు పసిగడతారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు పత్రం చెబుతుంది. అంటే మాట కాస్త వెనకబడితే మనం ఓర్చుకుంటాం, ముందొస్తే ఓర్చుకోం. మాట గాలిలో 30 మీటర్లు రావడానికి సుమారు 87 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ముందున్న స్పీకర్ల ధ్వనే వింటున్న వెనక వరసలకు బొమ్మ ఆలస్యం కొంత సర్దుకుంటుంది. వెనక విడిగా స్పీకర్లుంటే వాటికి వెళ్లే లైనులో మిక్సర్ డిలే 80 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి, ముందు స్పీకర్లతో ప్రతిధ్వని రాకుండా చెవితో సర్దుకోండి.

డాలస్‌లో కొత్త ఇంట్లో మీడియా రూం కట్టిస్తున్నాం. ప్రొజెక్టర్‌కి 18 మీటర్లు. గోడలు మూయకముందే ఏ తీగ వేయాలి? 4కె 60 హెచ్‌డీఆర్ కావాలి.
– ఒక పాఠకుడు, అమెరికా

తీగ కన్నా ముందు పైపు వేయించండి, 32 మిల్లీమీటర్లకు తగ్గకుండా, వంపులు వెడల్పుగా, లోపల లాగుడు తాడుతో. అందులో 18 గిగాబిట్ల ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ ఒకటి, 23 గేజి కవచం ఉన్న క్యాట్-6ఏ రెండు. 18 మీటర్లకు ఆప్టికల్ కేబుల్ సరిపోతుంది, పెట్టెలతో పనిలేదు. దానికి రెండు నియమాలు. మొదటిది, దానికి దిక్కు ఉంటుంది: 'సోర్స్' అని రాసిన చివర ప్లేయర్ వైపే ఉండాలి, తిరగేసి లాగితే మొత్తం మళ్లీ పీకాలి. రెండోది, లోపల ఉన్నది గాజు పోగు, జాక్ పట్టుకుని లాగితే తెగుతుంది, తెగితే బాగుచేయలేం. క్యాట్-6ఏ తీగలు అది చెడితే వాడుకోవడానికి. పెట్టెలే కావాలంటే కుదింపు లేకుండా పూర్తి 4కె 60 పంపేది హెచ్‌డీబేస్‌టీ 3.0.

పెట్టెని అటక మీద పెట్టవద్దు. టెక్సస్ వేసవిలో అటక 50 డిగ్రీలు దాటుతుంది, ఈ పెట్టెలు చాలావరకు 40కి తయారైనవి. గోడలో వేసే తీగకి సీఎల్2 లేదా సీఎల్3 ముద్ర ఉందో లేదో మీ ఎలక్ట్రీషియన్‌ని అడగండి. ధ్వని కోసం ప్రొజెక్టర్ నుంచి వెనక్కి ఈఆర్క్ (హెచ్‌డీఎంఐ తీగలోనే ధ్వనిని వెనక్కి పంపే సదుపాయం) రప్పించే ప్రయత్నం చేయకండి. చాలా ఎక్స్‌టెండర్లు దాన్ని మోయవు. ప్లేయర్, ఏవీ రిసీవర్ (స్పీకర్లకు ధ్వని ఇచ్చే ఆంప్లిఫయర్) ఒకే చోట పెట్టుకుని అక్కణ్నుంచి బొమ్మ మాత్రం పైకి పంపండి.

కాలేజీలో రెండు భవనాల మధ్య 80 మీటర్లు. క్యాట్-6 భూమిలో వేసి హెచ్‌డీబేస్‌టీ పెట్టాం. గత వర్షాకాలంలో రెండు పెట్టెలూ, ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ పోర్టూ పోయాయి. సర్జ్ ప్రొటెక్టర్ పెడితే చాలా?
– ఒక పాఠకుడు, అనకాపల్లి

చాలదు. దగ్గర్లో పిడుగు పడితే రెండు భవనాల ఎర్త్‌ల మధ్య ఒక్క క్షణం వేల వోల్టుల తేడా వస్తుంది. ఆ రెండింటినీ కలుపుతున్నది మీ రాగి తీగే. భవనం నుంచి భవనానికి రాగి వద్దు, ఫైబర్ (కాంతితో సంకేతాలు పంపే గాజు తీగ) వేయండి. లోహపు కవచం లేని సింగిల్‌మోడ్ ఫైబర్ దొరికితే అదే మేలు. ఆర్మర్డ్ రకమే దొరికితే ఆ ఉక్కు తొడుగుని భవనం బయట పెట్టెలోనే ఆపి ఎర్త్ చేయండి, పరికరాల గదిలోకి తీసుకురాకండి.

ఉన్న హెచ్‌డీబేస్‌టీ పెట్టెలకు నెట్ మీడియా కన్వర్టర్ తగిలించి ఫైబర్‌లోకి మార్చుదామని అనుకోవచ్చు. కుదరదు, స్కూలు ప్రశ్నకు చెప్పిన కారణమే ఇక్కడా. ఐపీ రకం పెట్టెలైతే మామూలు గిగాబిట్ మీడియా కన్వర్టర్లతో హాయిగా వెళ్తాయి. తరగతి పాఠాలకు ఆ ఆలస్యం అడ్డు కాదు. ఆలస్యం ఉండకూడదంటే హెచ్‌డీఎంఐ ఫైబర్ ఎక్స్‌టెండర్ అని విడిగా దొరుకుతుంది, ఎల్‌సీ కనెక్టర్లతో. ఎన్ని ఫైబర్ పోగులు కావాలో పెట్టె మీద చూసుకోండి. కొన్నింటికి ఒకటి చాలు, కొన్నింటికి నాలుగు. ఎలాగూ గుంత తవ్వుతారు కాబట్టి ఆరు పోగుల కేబుల్ వేసేయండి. పాత క్యాట్-6ని రెండు చివరలా పీకి వదిలేయండి. ఒక చివర పరికరానికి తగిలి ఉన్నా వచ్చే వానల్లో అదే మళ్లీ పిడుగుకి దారి ఇస్తుంది.